బొమ్మల యుద్ధభూమిలో ఫిరంగి గుంత

శరన్నవరాత్రులలో బొమ్మల కొలువు పెట్టు ఇండ్లలో పెరిగినవారికి కొండ కట్టుట, ఏరు పారించుట క్రొత్త విద్యలు కావు. తడిమట్టి కుప్పగా పోసి, అక్కడక్కడ రాళ్లు గ్రుచ్చి, పైన ఆవాలు చల్లి, నాలుగు దినములు నీరు చిలికినచో చాలును. పచ్చని తిరుమల కొండ మన వసారాలోనే వెలయును. అద్దపు ముక్క పుష్కరిణి యగును. పిడికెడు ఇసుక బండ్ల బాట యగును. ఆ బాటపై కొండపల్లి బొమ్మయు, మాధవమాల శిల్పులు చెక్కిన కొయ్యబొమ్మయు ప్రక్కప్రక్కనే నడచుచుండును. బొమ్మను ఒంటరిగా నిలుపక, అది నిలిచిన నేలతో సహా చూపవలెనను ఊహ మన తల్లులకు ఎవ్వరును నేర్పినది కాదు.

ఇట్లు నేలతో, చెట్టుతో, మనుష్యులతో ఒక దృశ్యమును చిన్నది చేసి నిలుపుటను నేడు డయోరమా అందురు. 1822లో పారిసు నగరమున డాగేరు అను చిత్రకారుడు, వెలుతురు మార్పులతో చూపిన పెద్ద తెరచిత్రముల ప్రదర్శనకు ఈ పేరు వాడుకలోనికి వచ్చెను. తరువాత అది అద్దపు పెట్టెలలోని నమూనా దృశ్యములకు చెల్లినది. మన పాఠశాలల ప్రదర్శనలలోను ఇట్టి దృశ్యములకు కొదువ లేదు. వానిలో పిల్లలకు మిక్కిలి ప్రియమైనది యుద్ధభూమి. అట్టలతో ఫిరంగులు, ప్లాస్టిక్ సైనికులు, అగ్గిపుల్లల కంచెలు, వాని నడుమ ఫిరంగి గుండ్లు పడిన గుంతలు.

ఆ గుంతలను గూర్చియే నేను వ్రాయబూనితిని. ఫిరంగి చక్రమునకు ఎన్ని ఆకులుండవలెనో పుస్తకము చూచి లెక్కించు విద్యార్థి, గుంత యొద్దకు వచ్చుసరికి తీరిక లేనివాడగును. తడిమట్టిలో గరిటె త్రిప్పి గుండ్రని గిన్నె యొకటి తీసి, దానికి నల్లరంగు పూసి ఊరకుండును. అట్టివి పది, చదరంగపు గడులవలె వరుసగా అమర్చును. చూచువానికి అది యుద్ధభూమి వలె గాక, గుంత పొంగణాల పెనము వలె కనబడును. ఫిరంగిని మనిషి చేసెను. దాని రూపము పుస్తకములో దొరకును. గుంతను మాత్రము గుండు, నేల, కాలము అను మూడును కలిసి చేసినవి. ఏ గుండు, ఏ నేల, పడి ఎంత కాలమైనది అను మూడు ప్రశ్నలకు జవాబు తెలియక చేసిన గుంత ఎంత శ్రమపడి చేసినను అబద్ధమే చెప్పును.

మొదటి ప్రశ్నతోనే మన సీమ చరిత్ర ముందునకు వచ్చును. చిత్తూరు ప్రాంతపు విద్యార్థులు యుద్ధదృశ్యము చేయదలచినపుడు సహజముగా హైదరాలీని తలతురు. చంద్రగిరి కోట 1782లో ఆయనకు వశమయ్యెను. ఆ సంవత్సరమే డిసెంబరు 7వ తేదీన చిత్తూరునకు చేరువనున్న నరసింగరాయనిపేట దండులో ఆయన కన్నుమూసెను. టిప్పు వచ్చి చేరువరకు ఆ వార్తను పైకి పొక్కనీయలేదు. అంతకు రెండేండ్ల ముందు, 1780 సెప్టెంబరు 10వ తేదీన, కాంచీపురమునకు సమీపముననున్న పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సైన్యమును మైసూరు సేనలు చుట్టుముట్టి రూపుమాపెను. ఆ బెయిలీ దండు బయలుదేరినది మన గుంటూరు సీమనుండియే. త్రోవలో కొర్తలయారు వరద దానిని కొన్ని దినములు నిలిపివేసెను. ఈ యుద్ధమును టిప్పు శ్రీరంగపట్టణములోని దరియా దౌలత్ బాగు గోడపై చిత్రింపజేసెను. మందుగుండు బండి పేలుట ఆ చిత్రమున నేటికిని చూడవచ్చును.

ఇంతటి యుద్ధమును నమూనాగా చేయునపుడు నేలనిండ గుంతలు పెట్టవలెను గదా యని తోచును. పెట్టరాదు. ఆనాటి యుద్ధభూములలో ఫిరంగులు ఎక్కువగా విసరినది గట్టి ఇనుప గుండు. దానిలో మందు లేదు, అది పేలదు. ఎండిన నేలపై పడిన గట్టి గుండు, పిల్లలు చెరువు నీటిపై విసరిన పెంకు వలె, ఎగిరి ఎగిరి పోవుచు దారిలోనున్న మనుష్యులను, గుర్రములను కూల్చును. అది నేలపై విడుచునది గుంత కాదు, పొడవైన గీరు. మెత్తని నేలయైనచో అందులోనే దిగబడి చిన్న రంధ్రము మిగులును. దగ్గరి శత్రువుపై చిన్న గుండ్ల సంచులను కాల్చుదురు. వానికిని గుంత పడదు. లోపల మందు కూరి, ఒత్తి తగిలించి విసరు పేలుడు గుండ్లును ఆ కాలమున లేకపోలేదు; కాని మైదానపు పోరులో వాని పాలు స్వల్పము. కావున పొల్లిలూరు దృశ్యమున నేల చూపవలసినది గుండ్ల గీరులు, బండ్ల చక్రపు జాడలు, త్రొక్కుడుపడిన పైరు, మందుగుండు బండి పేలిన చోట మాత్రము కమిలిన మడుగు వంటి మచ్చ. గుంత చేయుటలో మొదటి పాఠము, గుంత చేయకూడని చోటు తెలిసికొనుటయే.

పేలుడు గుండ్ల గుంతలకు తగిన కాలము తరువాత వచ్చినది. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణముపై సుమారు 130 గుండ్లు కాల్చి, బర్మా ఆయిల్ కంపెనీ తైలపు తొట్లను తగులబెట్టిన కథ మన పెద్దలు చెప్పుకొనుచుండిరి. ఆనాటి చెన్నపట్టణము తెలుగువారికిని రాజధానియే. హైకోర్టు ప్రహరీకి గుండు తగిలిన చోట ఒక శిలాఫలకము పెట్టిరి. మరుసటి యేడు, 1915 మార్చి 10వ తేదీన, ఫ్రాన్సులోని నవ్ షాపెల్ గ్రామముపై 35 నిమిషములు ఫిరంగులు మ్రోగిన పిదప భారతీయ దళములు ముందునకు నడచెను. అక్కడ మరణించినవారికి, ఆ పోరాటములలో జాడ తెలియనివారికి 1927లో స్మారకమందిరము వెలసినది. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసెను. నేల గుల్లయైన యుద్ధమును చూపదలచినవారికి ఇట్టి సందర్భములు తగినవి.

అయినను పేలుడు గుండ్లన్నియు ఒకే తీరు కావు. ష్రాప్నెల్ అనునది గాలిలోనే విచ్చుకొని సీసపు గుండ్లను వర్షించును. దానివలన నేలకు గుంత పడదు. నేలలో కొంత దిగిన పిదప పేలు గుండు లోతైన గుంత చేయును. తాకిన క్షణముననే పేలునది నేలను గోకినట్లు మాత్రము చేసి, ముక్కలను ప్రక్కలకు చిమ్మును. ముండ్లకంచెలను తెంపుటకు ఈ రెండవ విధమే మేలని గ్రహించి, బ్రిటిషు సేనవారు 106వ నంబరు ఫ్యూజును 1917లో విస్తారముగ వాడుకలోనికి తెచ్చిరి. ఫ్యూజు మారగానే యుద్ధభూమి ముఖమే మారినది. కావున మీ దృశ్యము 1915 నాటిదో 1918 నాటిదో గుంతను చూచి చెప్పగలిగినచో మీ శ్రమ ఫలించినట్లే.

ఇక నేల సంగతి. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో బావి త్రవ్వుట చూడని పిల్లవాడు అరుదు. పైన ఎర్రమట్టి, దాని క్రింద మొరము, ఇంకను క్రిందికి పోయినచో బండ. త్రవ్విన మన్ను ఒడ్డున పోసినపుడు గట్టు రంగు చేని రంగు వలె నుండదు. లోపలి మొరము పైకి వచ్చి, పాలిపోయిన గరుకు కుప్పయై కనబడును. గుండు చేయు పనియు ఇట్టిదే, కాని రెప్పపాటులో. పై పొర అంచున మడతపడి బోర్లపడును. లోపలి పొర దానిమీదికి వచ్చును. పైకి లేచిన మన్నులో కొంత మరల గుంతలోనే పడి అడుగును పూడ్చును. అందుచేత మనకు కనబడు గుంత, గుండు చేసిన అసలు గుంతకన్న ఎప్పుడును లోతు తక్కువ.

దీనిని తరగతిలో నిరూపించుటకు మందుగుండు అక్కరలేదు. పొరపాటున నైనను టపాకాయల జోలికి పోరాదు. వెడల్పైన పళ్లెములో నాలుగు వ్రేళ్ల మందమున ముగ్గుపిండి పరచి, దానిపై జల్లెడపట్టిన ఎర్రమట్టిని పలుచగా చల్లవలెను. మనిషి ఎత్తునుండి ఒక గోలీని విడువుడు. ఎర్రని నేలపై తెల్లని చారలు నలువైపుల చిమ్ముకొని, నడుమ గుంత, చుట్టును గట్టు ఏర్పడును. ఇది తాకిడి గుంతయే గాని పేలుడు గుంత కాదు. అయినను లోపలి మన్ను పైకి వచ్చునను సత్యమును పిల్లలు కన్నులార చూతురు. చంద్రునిపై గుంతల చుట్టునున్న తెల్లని చారలు ఎట్లు వచ్చినవో కూడ అప్పుడే చెప్పవచ్చును. ఒక పళ్లెముతో రెండు పాఠములు తీరును.

కొలతలు తప్పినచో మిగిలినదంతయు తప్పును. ముప్పదియైదవ వంతు నమూనాలో 175 సెంటీమీటర్ల మనిషి 5 సెంటీమీటర్ల బొమ్మ యగును. మూడున్నర మీటర్ల వెడల్పు గుంత 10 సెంటీమీటర్లగును. డెబ్బదిరెండవ వంతున అదే గుంత 5 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. లోతు సాధారణముగా వెడల్పులో నాలుగవ వంతో అయిదవ వంతో యుండును. అనగా 10 సెంటీమీటర్ల గుంతకు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మన విద్యార్థులు బల్లపై మట్టి పరచి గుంత తీయబోవుదురు. బల్లకు లోతు లేదు గనుక, గుంతకు బదులు చుట్టును కుప్ప పేర్చి చిన్న అగ్నిపర్వతమును నిలుపుదురు. గుంత నేలమట్టమునకు దిగువన ఉండవలెను. కావున మొదటనే బల్లపై నాలుగు సెంటీమీటర్ల మందమున థర్మోకోల్ పలకలు అతికించి, వానిలో గుంతకన్న కొంచెము పెద్దదిగా పల్లము కోయవలెను.

పాత వార్తాపత్రికలను రాత్రి నానబెట్టి, పిండి, మైదా గంజిలో మెదిపి గుజ్జు చేయవలెను. పురుగు పట్టకుండుటకు పుస్తకములు కుట్టువారు గంజిలో చిటికెడు మైలతుత్తము కలుపుదురు. అది విషము గనుక ఉపాధ్యాయుని చేతిమీదుగనే జరుగవలెను. ఈ గుజ్జులో జల్లించిన మట్టి కలిపి పల్లములో వ్రేలి మందమున పూయుడు. గరిటెతో గాక బొటనవ్రేలితో, నడుమనుండి వెలుపలికి నెట్టుచు పోవలెను. పేలుడు త్రోసిన దిక్కును వ్రేలు తనంతటనే అనుసరించును. అంచు ఒకచోట ఎత్తుగ, ఒకచోట తెగినట్లుగ ఉండనిండు. ఆరబెట్టుట నీడలోనే జరుగవలెను. మన తిరుపతి యెండలో పెట్టినచో బీటలు వారును. ఈ కొలతలో మూడు మిల్లీమీటర్ల బీట, పది సెంటీమీటర్ల వెడల్పు నెర్రె వలె కనబడును.

మట్టిని చల్లుటలోను ఇదే లెక్క. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఇచ్చట మూడున్నర సెంటీమీటర్ల రాయి. కావున మట్టిని మొదట జల్లెడతో, తరువాత పలుచని గుడ్డతో వేరుచేసి, గరుకును నలుసును విడివిడిగా దాచవలెను. గుంత లోపల, గట్టుమీద దంచిన మొరము. గట్టు దాటిన కొలది ఎర్రమట్టితో కలిసిపోవలెను. ఎండిన మట్టిబెడ్డను చిదిమినచో గడ్డలు లభించును. పెద్దవి గట్టు చెంత, చిన్నవి దూరముగ. తెల్ల జిగురును సమానముగ నీటితో పలుచచేసి, ఒక చుక్క సబ్బునీరు కలిపి బొట్లుబొట్లుగ విడిచినచో అది మట్టిని కదల్చకనే లోనికి ఇంకును. చారలకొరకు పొడిమట్టిని గుంత నడుమ ఉంచి, కాగితపు గొట్టముతో మెల్లగ ఊదిన చాలును. తెగిన వేళ్లకు కొబ్బరిపీచు. దానిని గుంత గోడలోనుండియే పైకి రానీయవలెను, అడుగున పరచరాదు.

రంగు విషయమున నలుపుపై మోజు విడువవలెను. పేలుడు మసి పలుచన. అది కొద్దిపాటి బూడిదవన్నె మాత్రమే మిగుల్చును. క్రొత్త గుంత చీకటిగ కనబడుటకు కారణము మసి కాదు, లోపలినుండి వచ్చిన మన్నులోని తేమ. చేను దున్నిన ఉదయమున నాగటి చాలు ఎట్లుండునో చూచి ఆ వన్నెను కలుపుడు.

గుంతలను అమర్చునపుడు ఒక సంగతి మరువరాదు. ఒకే ఫిరంగి ఒకే గురికి పది గుండ్లు కాల్చినను పదియు ఒకచోట పడవు. అవి ప్రక్కలకన్న ముందు వెనుకలకు ఎక్కువగ చెదరును. కావున గుంతల గుంపు గుండ్రముగ గాక, కాల్చిన దిక్కుగ సాగిన పట్టీ వలె నుండును. వాలుగ వచ్చి తాకిన గుండు, ముక్కలను ప్రక్కలకు రెక్కల వలె చిమ్మును. ఈ జాడలను కొలిచి శత్రువు ఫిరంగి ఏ దిక్కున దాగినదో సైనికులు కనిపెట్టుదురు. మీ దృశ్యములోని గుంతలన్నియు ఒక దిక్కును చూపుచు, ఆ దిక్కున ఫిరంగి లేక కొండచాటు ఉన్నచో, ఆ నేల నిజము పలికినట్లగును.

మూడవ ప్రశ్న కాలము. నేడు పడిన గుంతకు అంచు పదును. వాన పడగానే గట్టు జారును. నెలలు గడచినచో గడ్డి అల్లుకొనును. రెండు గుంతలు ఒరసికొన్న చోట తరువాతి గుంత ముందరిదాని గట్టును కోసివేయును. అన్నియు ఒకే వయసున ఉన్నచో యుద్ధము ఒక్క గడియలో ముగిసినట్లు తోచును. 1917లో బెల్జియమునందలి పాషెండేల్ వద్ద జిగటనేల, వాన, తెగిన కాలువలు కలిసి గుంతలను మడుగులుగ మార్చెను. గాయపడినవారు వానిలో మునిగి చనిపోయిరి. అట్టి దృశ్యమునకు వార్నీషును పలుచని పూతలుగ పోసి నీరు చూపవచ్చును. సమతలముపై ప్రక్కప్రక్కనున్న మడుగులలో నీటిమట్టము దాదాపు ఒకటిగనే ఉంచుడు. లేనిచో కన్ను వెంటనే పట్టుకొనును.

ఇన్ని నియమములు పిల్లల ఆటకేల యని ఎవరైన అడుగవచ్చును. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఆస్ట్రేలియావారు తమ యుద్ధస్మారక ప్రదర్శనశాలకై దృశ్యనమూనాలు చేయించిరి. చరిత్రకారుడు చార్లెస్ బీన్ ఆ పనికి ప్రేరకుడు. వెబ్ గిల్బర్ట్ వంటి శిల్పులు ఫ్రాన్సు యుద్ధభూములకు స్వయముగ వెళ్లి, నేల చూచి వచ్చి పని చేసిరి. వారు పోరు ఆగిన భూమిని మరల చూడబోయినది గుంత రూపు కొరకు మాత్రమే కాదు. తమ కుమారులు ఎట్టి నేలపై పడిపోయిరో, కడలి కావలనున్న తల్లిదండ్రులకు ఆ బొమ్మలే చెప్పవలసియున్నది. అక్కడ అబద్ధమునకు తావు లేదు.

మన విద్యార్థికిని ఆ బాధ్యతయే కలదు. అందమైన గుంత చూచినవాడు యుద్ధమును ఆటయని తలచును. నిజమైన గుంత చూచినవాడు అంచున తెగిన వేళ్లను, బోర్లపడిన మంచిమట్టిని చూచి, ఇది ఒకనాడు చేనుగదా యని గ్రహించును. వేరుశనగ రైతు బిడ్డకు ఈ మాట వివరింప నక్కరలేదు. జానెడు పైమట్టి కొట్టుకొనిపోయినచో పంట ఏమగునో వాడెరుగును. మొరము పైకి వచ్చిన నేలలో విత్తనము ఏండ్లకొలది నిలువదని కూడ ఎరుగును. ఫ్రాన్సు, బెల్జియము దేశముల రైతుల నాగళ్లకు, ఆ యుద్ధము ముగిసి నూరేండ్లు దాటినను, పేలని గుండ్లు నేటికిని తగులుచున్నవి. వానిని చేని గట్టున పెట్టి, ఆ పనికి నియమింపబడినవారు వచ్చి కొనిపోవువరకు వేచియుందురు.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. రాబోవు ప్రదర్శనలో మీ విద్యార్థి యుద్ధదృశ్యము చేసినచో, ప్రక్కన పెట్టు చీటీలో ఫిరంగి పేరు, సైన్యాధిపతి పేరు మాత్రమే వ్రాయింపకుడు. ఏ సంవత్సరము, ఏ ఊరు, ఏ నేల, ఆ చేనిలో అప్పుడు ఏ పైరున్నది అని నాలుగు పంక్తులు వ్రాయింపుడు. ఆ నాలుగు పంక్తులకై వాడు చరిత్ర పుస్తకమును, భూగోళ పుస్తకమును, తన తాతను కూడ అడుగవలసి వచ్చును. పైరు పేరు తెలియనిచో ఆ స్థలము ఖాళీగ ఉంచి, తెలిసికొనువరకు వెదకనిండు. గుంత చేయుట అటుపిమ్మట ఒక సాయంకాలపు పని.